చదువుతుండగానే కుదించుకుపోయిన ఫైలు: ఎమ్‌మ్యాప్ వాడకంలో ఒక కేస్ స్టడీ

నేపథ్యం

క్షేత్రంలో అమర్చిన పరికరాల నుంచి రీడింగులు సేకరించి, వాటిని రోజంతా వెతుక్కునేందుకు వీలుగా ఉంచే ఒక సంస్థకు నేను కొన్ని వారాలపాటు సలహాదారుగా పనిచేశాను. సంస్థ ఏదో, పరికరాలు ఏవో ఇక్కడ అవసరం లేదు కనుక ఆ వివరాలు వదిలేసి, సంఖ్యలను గుండ్రం చేశాను. సుమారు పది లక్షల పరికరాలు అరగంటకొకసారి రీడింగు పంపుతాయి. ఒక్కో రీడింగుకు ఒక్కో వరుస. చివరి న్యూలైన్‌తో కలిపి వరుస సరిగ్గా 64 బైట్లు. రోజుకు 48 రీడింగుల లెక్కన ఫైలు 3 గిగాబైట్లకు కాస్త పైన తేలుతుంది. కొన్ని పరికరాలు కొన్ని పూటలు ఏమీ పంపవు కాబట్టి వరుసల సంఖ్య ఏ రోజుకారోజు మారుతూ ఉంటుంది. ఈ చిన్న సంగతి తర్వాత చాలా ముఖ్యమైంది.

తెల్లవారుజామున ఈ ఫైలును తీసుకుని, పరికరం సంఖ్యను బట్టి సూచిక కట్టి, పగలంతా ప్రశ్నలకు జవాబిచ్చే ప్రోగ్రాం సీ భాషలో ఉంది. మొదట్లో అది ఒక్కో వరుసనూ చదివి, మాలాక్ ఫంక్షన్‌తో మెమరీలో తీసుకున్న చోటికి కాపీ చేసుకునేది. 8 గిగాబైట్ల మెమరీ ఉన్న సర్వర్‌లో అది ఉక్కిరిబిక్కిరయ్యేది. బృందంలోని ఒక యువ ఇంజనీరు దాన్ని ఎమ్‌మ్యాప్‌కు, అంటే ఫైలును కాపీ చేయకుండా ప్రోగ్రాం మెమరీ చిరునామాలకు నేరుగా తగిలించే ఏర్పాటుకు, మార్చారు. ఎఫ్‌స్టాట్‌తో ఫైలు పరిమాణం తెలుసుకోవడం, అంత పొడవునా ఫైలును మెమరీలోకి మ్యాప్ చేయడం, ఆ తర్వాత మొత్తం ఫైలును ఒకే పెద్ద స్ట్రింగ్‌లా నడుచుకుంటూ వెళ్లి, ప్రతి వరుస మొదలుకు ఒక పాయింటర్‌ను (ఆ చోటి చిరునామాను) సూచికలో దాచుకోవడం ఆయన చేసిన పని. కాపీ చేయడం పోయింది, కోడ్ సగానికి తగ్గింది. ప్రశ్నలకు జవాబిచ్చే రెండు ప్రాసెస్‌లు ఒకే ఫైలును మ్యాప్ చేసుకుంటే కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం) ఫైళ్ల ప్రతిని మెమరీలో ఉంచే పేజ్ క్యాష్‌లోని అవే పేజీలను (మెమరీ ముక్కలను) రెండూ పంచుకుంటాయి కనుక మెమరీ కూడా ఆదా అయింది. అది మంచి నిర్ణయమని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

ముందుకొచ్చిన సమస్య

ఎనిమిది నెలలు సాఫీగా గడిచాక ప్రోగ్రాం అప్పుడప్పుడు కూలిపోవడం మొదలైంది. వెనక్కి వెళ్లి చూస్తే అంతకుముందూ ఒకటి రెండు సార్లు కూలిందట, ఎవరూ పట్టించుకోలేదు. నన్ను పిలిచేసరికి సర్వర్‌లోని మెమరీ చిప్‌లు ఒకసారి మార్చేశారు, రాత్రంతా మెమరీ పరీక్ష నడిపారు, అందులో ఏ తప్పూ తేలలేదు. లాగ్‌లో ‘బస్ ఎర్రర్’ అనే మాట కనబడటమే ఈ అనుమానానికి మూలం. పేరు వినగానే అది హార్డ్‌వేర్ గొడవ అనిపించడం సహజం.

మొదటి రోజు నేను అడిగింది ఒక్కటే: ఇప్పటిదాకా జరిగిన ప్రతి కూలుడుకూ తేదీ, సిగ్నల్ (తప్పు జరిగినప్పుడు కెర్నల్ ప్రోగ్రాంకు పంపే సంకేతం) పేరు, అదే ఫైలుతో మళ్లీ నడిపితే ఏమైందన్నది ఒక కాగితం మీద రాయమన్నాను. “మళ్లీ నడిపితే బాగానే నడుస్తోందండీ, కాకపోతే రెండు సార్లు మాత్రం ఎన్నిసార్లు నడిపినా కూలింది” అన్నారు ఆ ఇంజనీరు. ఆ ‘కాకపోతే’లోనే కేసు రెండుగా చీలింది. మళ్లీ మళ్లీ కూలిన రోజుల్లో వచ్చింది సిగ్‌సెగ్వీ. రెండోసారి నడిపితే సర్దుకున్న రోజుల్లో వచ్చింది సిగ్‌బస్, లాగ్‌లోని ‘బస్ ఎర్రర్’ అదే. ఇవి ఒకే జబ్బుకు రెండు లక్షణాలు కావు, రెండు వేర్వేరు జబ్బులు. బృందం రెంటినీ కలిపి ఒకే పద్దులో రాసుకోవడం వల్లనే ఒకదాని ఆధారం ఇంకోదాన్ని కొట్టేస్తూ వచ్చింది.

ఈ తేడా ఇక్కడే చెప్పుకోవాలి. ప్రోగ్రాం ముట్టుకున్న చిరునామా ఏ మ్యాపింగ్‌లోనూ లేకపోతే కెర్నల్ సిగ్‌సెగ్వీ పంపుతుంది. వీధిలో ఆ ఇంటి నంబరే లేదన్నమాట. చిరునామా మ్యాపింగ్‌లో ఉండి కూడా, దాని వెనక ఉండాల్సిన ఫైలు పేజీని కెర్నల్ తెచ్చి ఇవ్వలేకపోతే సిగ్‌బస్ పంపుతుంది. ఇల్లుంది, తలుపు తీస్తే లోపల ఏమీ లేదు.

మొదటి జబ్బు: చివరి మూడు సున్నాలు

మళ్లీ మళ్లీ కూలే రకాన్ని ముందుగా తీసుకున్నాను, ఎందుకంటే మన చేతిలో నిలకడగా పట్టుబడేది అదే. బృందం అప్పటికే మెమరీ వాడకంలోని తప్పులను పట్టే వాల్‌గ్రైండ్ అనే సాధనంతో ప్రయత్నించింది. 3 గిగాబైట్ల ఫైలుతో అది సాగదు కాబట్టి వెయ్యి వరుసల చిన్న ఫైలు తయారుచేసి నడిపారు, ఏ హెచ్చరికా రాలేదు. ఆ ఫలితాన్ని చూసి కోడ్ సరిగ్గానే ఉందని తేల్చుకున్నారు. అక్కడ జరిగిన పొరపాటు కోర్ ఫైలు (కూలిన క్షణంలోని ప్రోగ్రాం మెమరీ ప్రతి) తెరిచాక అర్థమైంది.

కోర్‌లో ఫాల్ట్ వచ్చిన చిరునామాను పదహారు ఆధారిత సంఖ్యలో చూస్తే చివరి మూడు అంకెలూ సున్నాలే. రెండో కోర్‌లోనూ అంతే. ఈ యంత్రంలో పేజీ పరిమాణం 4096 బైట్లు, కాబట్టి చివరి మూడు సున్నాలంటే చిరునామా సరిగ్గా ఒక పేజీ మొదట్లో ఉందని అర్థం. మ్యాపింగ్ మొదలు నుంచి దూరం లెక్కిస్తే అది ఫైలు పరిమాణంతో ఒక్క బైటు తేడా లేకుండా సరిపోయింది. అంటే ప్రోగ్రాం ఫైలు చివరి బైటు దాటి, ఆ పక్క బైటును చదవబోయింది.

కోడ్‌లో లూప్ ఆగే షరతు సున్నా బైటు కనబడటం, సీ భాషలో స్ట్రింగ్ ముగింపు గుర్తు అదే. వరుస చివరను, స్ట్రింగ్‌లో అక్షరాన్ని వెతికే స్ట్ర్‌చర్ ఫంక్షన్‌తో వెతికి, న్యూలైన్ తర్వాతి బైటుకు వెళ్లి, అక్కడ సున్నా ఉంటే ఆగిపోతుంది. ఫైలు చివర సున్నా బైటు ఎవరూ రాయలేదు, అయినా ఇన్ని నెలలు ఎలా నడిచింది? ఫైలు పరిమాణం పేజీ పరిమాణానికి గుణిజం కానప్పుడు, చివరి పేజీలో మిగిలిన భాగాన్ని కెర్నల్ సున్నాలతో నింపి ఇస్తుంది. ఆ సున్నాల్లో మొదటిదే రోజూ లూప్‌ను ఆపుతోంది. ఫైలు పరిమాణం సరిగ్గా 4096కు గుణిజమైన రోజు చివరి పేజీలో మిగులు ఉండదు, సున్నా ఉండదు, తర్వాతి పేజీ మ్యాపింగ్‌లోనే లేదు.

వరుస 64 బైట్లు, పేజీలో 64 వరుసలు. వరుసల సంఖ్య 64తో భాగింపబడిన రోజే ఈ చిక్కు. రోజుకొక ఫైలు అనుకుంటే సగటున 64 రోజులకు ఒకసారి. వాల్‌గ్రైండ్‌కు ఇచ్చిన వెయ్యి వరుసల ఫైలు 64,000 బైట్లు. అది పదహారో పేజీ మధ్యలో ముగుస్తుంది, పైగా మ్యాప్ అయిన చివరి పేజీ మొత్తాన్ని చెల్లుబాటయ్యే చోటుగానే వాల్‌గ్రైండ్ చూస్తుంది కాబట్టి దానికి తప్పు కనబడే మార్గమే లేదు. 1,024 వరుసలతో చేసి ఉంటే మొదటి రోజే దొరికేది.

ఇంకో సందేహం మిగిలింది. కూలిన ఆ ఫైలునే ఇంజనీరు తన యంత్రంలో నడిపితే కూలలేదు. రెండు యంత్రాల్లో ప్రాసెస్ మ్యాపింగుల జాబితాను ప్రాక్ కింద ఉండే మ్యాప్స్ ఫైలులో పక్కపక్కన పెట్టి చూశాం. సర్వర్‌లో మా ఫైలు పైన ఖాళీ జాగా ఉంది. ఆయన యంత్రంలో సరిగ్గా ఆనుకుని వేరే మ్యాపింగ్ ఉంది, దాని మొదటి బైటు సున్నా. అందుకే లూప్ అక్కడ మర్యాదగా ఆగింది. ఆ బైటు సున్నా కాకపోయి ఉంటే ప్రోగ్రాం పొరుగింటి బైట్లను రీడింగులనుకుని చదువుకుంటూ పోయేది. కూలిపోవడం కన్నా అది ప్రమాదకరం.

దీనికి మందు సూటిగానే ఉంది. మ్యాప్ చేసిన ఫైలు స్ట్రింగ్ కాదు. దానికి పొడవు ఉంటుంది, ముగింపు గుర్తు ఉండదు. స్ట్ర్‌చర్ స్థానంలో, ఎన్ని బైట్లు మిగిలాయో చెప్పి వెతికించే మెమ్‌చర్ పెట్టాం. చివరి వరుసకు న్యూలైన్ లేకపోతే అంకెల స్ట్రింగ్‌ను సంఖ్యగా మార్చే స్ట్ర్‌టోల్ కూడా ఇలాగే హద్దు దాటుతుంది కాబట్టి అంకెలను మార్చే పనికి హద్దు తీసుకునే చిన్న ఫంక్షన్ రాశాం. ఫైలు చివర అదనంగా ఒక సున్నా బైటు రాస్తే పోతుంది కదా అని ఒకరు సూచించారు. ఫైలు పంపేది వేరేవారు. మన హద్దు కాపాడుకునే పని వారి చేతిలో పెట్టడం సరికాదని దాన్ని వద్దన్నాను.

ఈ సమీక్షలోనే ఇంకొకటి బయటపడింది. ఎమ్‌మ్యాప్ విఫలమైతే వచ్చేది నల్ (ఖాళీ పాయింటర్) కాదు, మైనస్ ఒకటి విలువ గల పాయింటర్. కోడ్ మాత్రం నల్ కోసం చూస్తోంది. ఖాళీ ఫైలు వస్తే పొడవు సున్నా అవుతుంది, సున్నా పొడవుకు ఎమ్‌మ్యాప్ చెల్లదని చెబుతుంది, కోడ్ దాన్ని విజయమనుకుని ముందుకు పోతుంది. అలాంటి ఫైలు అప్పటిదాకా రాలేదు, అంతే.

రెండో జబ్బు: మళ్లీ నడిపితే కనబడనిది

సిగ్‌బస్ కోర్‌లలో సిగ్నల్ వివరం చూస్తే కోడ్ సంఖ్య 2, అంటే ఆ చిరునామా వెనక భౌతికంగా ఏమీ లేదు. చిరునామా మాత్రం ఫైలు చివర కాదు, నడిమధ్యలో ఎక్కడో ఉంది. డిస్క్ నుంచి చదవడంలో లోపం వచ్చినా సిగ్‌బస్సే వస్తుంది కాబట్టి ముందుగా కెర్నల్ లాగ్ చూశాను, డిస్క్ గురించి ఒక్క మాటా లేదు. మిగిలిన అవకాశం ఒక్కటే: మ్యాప్ చేసినప్పుడు ఫైలు ఉన్నంత పొడవు, ముట్టుకున్నప్పుడు లేదు.

కోర్ ఫైలు సమయాన్ని రీడింగుల ఫైలు చివరిగా మారిన సమయంతో పోల్చితే విషయం తేలిపోయింది. ప్రోగ్రాం మొదలైన తర్వాత ఫైలు మారింది. పంపే విభాగం కొన్ని రోజుల్లో ఆలస్యంగా వచ్చిన రీడింగులను కలిపి, సవరించిన ఫైలును అదే పేరు మీద మళ్లీ పంపుతోంది. వారి స్క్రిప్ట్ ఫైలును కాపీ చేసే సీపీ కమాండ్ వాడుతుంది. సీపీ ఉన్న ఫైలును తెరిచి, ముందు సున్నా బైట్లకు కుదించి, అదే ఐనోడ్‌లో (పేరు వెనక ఉండే అసలు ఫైలులో) మొదటి నుంచి రాసుకుంటూ వస్తుంది. కుదించిన క్షణంలోనే కెర్నల్ ఆ పేజీలను పేజ్ క్యాష్ నుంచీ, మా ప్రాసెస్ పేజీ పట్టికల నుంచీ తీసేస్తుంది. అంతకుముందు మనం చదివేసిన పేజీలకూ మినహాయింపు లేదు. 3 గిగాబైట్లు తిరిగి నిండేదాకా కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ నిమిషాల్లో మా ప్రోగ్రాం ఇంకా నిండని పేజీని ముడితే సిగ్‌బస్. మేము చూడబోయేసరికి ఫైలు నిండుగా ఉంటుంది, మళ్లీ నడిపితే అంతా సవ్యం.

ఏవి పనిచేయలేదు

కారణం తెలిశాక బృందం చాలా ఆలోచనలు ముందుకు తెచ్చింది, అవన్నీ పరీక్షించదగినవే.

ఎమ్‌మ్యాప్‌ను షేర్డ్ (ఉమ్మడి) అని కాక మ్యాప్ ప్రైవేట్ (సొంత) అని అడిగితే మన సొంత ప్రతి దొరుకుతుంది కదా అన్నది మొదటిది. చాలామందిలో ఉన్న అపోహ ఇది. ప్రైవేట్ అంటే మనం రాసింది ఇతరులకు కనబడదని మాత్రమే. మనం రాయని పేజీలు పేజ్ క్యాష్ నుంచే వస్తాయి, మ్యాప్ చేశాక ఫైలులో జరిగే మార్పు మనకు కనబడుతుందా లేదా అన్నదాన్ని యూనిక్స్ తరహా వ్యవస్థల ప్రమాణం తేల్చకుండా వదిలేసింది. రెండు టెర్మినళ్లు తెరిచి, ఒకదాంట్లో ప్రైవేట్‌గా మ్యాప్ చేసిన ఫైలు మొదటి బైటును సెకనుకోసారి ముద్రించే పది వరుసల ప్రోగ్రాం పెట్టి, రెండోదాంట్లో అదే ఫైలు మొదటి బైటును మార్చాం. ముద్రణలో అక్షరం మారిపోయింది. ఆ తర్వాత ఎవరికీ వాదన అవసరం పడలేదు.

ఫైలుకు తాళం వేద్దామన్నది రెండోది. ఎఫ్‌లాక్ వేసే తాళం ఒప్పందం మీద నడిచేది. అవతలివారు కూడా తాళం అడిగితేనే దానికి విలువ. సీపీ అడగదు. తప్పనిసరి తాళాలనే పాత సదుపాయాన్ని లైనక్స్ 5.15 కెర్నల్‌లో తీసేశారు. రాయడాన్ని అడ్డుకునే డినై రైట్ అనే ఫ్లాగ్ ఎమ్‌మ్యాప్‌కు ఉన్నా, దాన్ని దురుద్దేశంతో వాడి ఇతరుల పనిని ఆపే వీలుందని లైనక్స్ ఎప్పుడో పట్టించుకోవడం మానేసింది.

మూడోదాన్ని నిజంగా అమలు చేశాం: సిగ్‌బస్‌కు హ్యాండ్లర్ (సిగ్నల్ వచ్చినప్పుడు నడిచే ఫంక్షన్) పెట్టి, సిగ్‌లాంగ్‌జంప్‌తో బయటకు దూకి, కాసేపాగి మొదటి నుంచి సూచిక కట్టడం. కూలడం ఆగిపోయింది. వారం రోజులు అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నాకు మాత్రం ఒక అనుమానం పీకుతూనే ఉంది: మనం చదువుతున్న చోటు ఖాళీగా ఉన్నప్పుడే సిగ్నల్ వస్తుంది, మరి మనం చేరేలోపే అక్కడ కొత్త బైట్లు నిండిపోయి ఉంటే? అప్పుడు ఏ సిగ్నలూ రాదు. సూచిక కట్టడం పూర్తయ్యాక ప్రతి పాయింటర్ చూపే వరుసను మళ్లీ తెరిచి, అందులోని పరికరం సంఖ్య సూచికలో ఉన్నదేనా అని చూసే చిన్న తనిఖీ రాశాను. సవరణ వచ్చిన మొదటి రోజే అది పట్టేసింది. సూచికలో ఒక పరికరం సంఖ్య, పాయింటర్ చూపే వరుసలో వేరొక పరికరం సంఖ్య. సవరించిన ఫైలులో పైన కొన్ని వరుసలు చేరడంతో కింద ఉన్నవన్నీ జరిగిపోయాయి. మేము దాచుకున్న పాయింటర్లు మాత్రం పాత చోటునే చూపుతున్నాయి. ఒక పరికరం గురించి అడిగితే ఇంకో పరికరం రీడింగు చెబుతున్న ప్రోగ్రాం, పైగా లాగ్‌లో ఒక్క తప్పూ లేదు. నాకు ఆ రోజు నిజంగా భయం వేసింది. కూలిపోయిన రోజుల్లో కనీసం తప్పు జవాబు వెళ్లలేదు. హ్యాండ్లర్‌ను ఆ సాయంత్రమే తీసేశాం.

ఏది పనిచేసింది

ఆ తనిఖీ తర్వాత ప్రశ్న మారిపోయింది. సిగ్‌బస్‌ను ఎలా తట్టుకోవాలన్నది కాదు, మనం మ్యాప్ చేసిన ఐనోడ్‌లోని బైట్లు మారకుండా ఎలా చూడాలన్నది అసలు ప్రశ్న. దానికి యూనిక్స్‌లో చాలాకాలంగా ఉన్న మార్గం రీనేమ్. కొత్త ఫైలును వేరే పేరుతో పూర్తిగా రాసి, ఎఫ్‌సింక్‌తో డిస్క్ మీదికి చేర్చి, ఆ తర్వాత అసలు పేరుకు రీనేమ్ చేస్తే, పేరు ఒక్క అడుగులో కొత్త ఐనోడ్‌కు మారుతుంది. పాత ఐనోడ్‌ను మ్యాప్ చేసుకున్న ప్రాసెస్‌కు అది చెక్కుచెదరకుండా ఉంటుంది. మ్యాపింగ్ వదిలేదాకా కెర్నల్ దాన్ని డిస్క్ మీద నిలిపి ఉంచుతుంది.

పంపే విభాగం సహకరించింది, అయినా మొదటి ప్రయత్నం తడబడింది. వారు తాత్కాలిక ఫైలును టెంప్ డైరెక్టరీలో రాసి ఎమ్‌వీ కమాండ్‌తో తెచ్చారు. ఆ సర్వర్‌లో టెంప్ వేరే ఫైల్ సిస్టమ్. రెండు ఫైల్ సిస్టమ్‌ల మధ్య రీనేమ్ కుదరదు కాబట్టి ఎమ్‌వీ ఏమీ చెప్పకుండా కాపీకి దిగుతుంది. ఫలితంగా మా ప్రోగ్రాం సగం నిండిన ఫైలును తెరిచి, ఆ సగాన్నే రోజంతటి లెక్కగా తీసుకుంది. ఇందులో సిగ్నల్ రాదు, పాయింటర్లూ తప్పవు, వరుసలే తక్కువ. అందుకే తాత్కాలిక ఫైలును అదే డైరెక్టరీలో, చుక్కతో మొదలయ్యే పేరుతో రాయమన్నాం. ఫైలు చివరి వరుసలో మొత్తం వరుసల సంఖ్య ఉంచమన్నాం. ఆ సంఖ్య సరిపోకపోతే మా ప్రోగ్రాం ఆ ఫైలును ముట్టుకోదు.

మా వైపు ఒక బాధ్యత మిగిలింది. పేరు కొత్త ఐనోడ్‌కు మారినా మా మ్యాపింగ్ పాతదాన్నే పట్టుకుని ఉంటుంది, ఫైలును తెరిచినప్పుడు దొరికిన డిస్క్రిప్టర్‌ను మూసేసినా సరే. మొదటి వారంలో డిస్క్ నిండుతున్నట్టు, మొత్తం వాడకం చెప్పే డీఎఫ్ కమాండ్ చూపిస్తే, పేరున్న ఫైళ్లను కూడే డీయూ లెక్కలో అంత కనబడలేదు. మ్యాప్స్ జాబితాలో మా ఫైళ్ల పక్కన ‘తొలగించబడింది’ అన్న అర్థమిచ్చే గుర్తు ఉంది. నిమిషానికోసారి స్టాట్‌తో ఐనోడ్ సంఖ్యను చూసి, మారితే కొత్తదాన్ని మ్యాప్ చేసి సూచిక కట్టుకుని, నడుస్తున్న ప్రశ్నలు ముగిశాక పాతదాన్ని మన్‌మ్యాప్‌తో వదిలేసేలా మార్చాం.

పాఠాలు

అసలు ఎమ్‌మ్యాప్‌నే వదిలేసి, ఫైలులో కోరిన చోటి బైట్లను కాపీ చేసి ఇచ్చే పీరీడ్‌కు వెళ్లాలా అని చివర్లో చర్చించాం. పీరీడ్‌తో ఫైలు కురచైతే తక్కువ బైట్లు వస్తాయి. అది మామూలు ఫంక్షన్ విలువ, ఇఫ్ షరతుతో చూసుకోవచ్చు. మ్యాపింగ్‌లో అదే సంగతి సిగ్నల్‌గా వస్తుంది, అదీ ఏ పాయింటర్‌ను ముట్టుకున్న చోటైనా. ఎస్‌క్యూలైట్ డేటాబేస్ తన పత్రాల్లో ఎమ్‌మ్యాప్ వాడకానికి ఇచ్చిన హెచ్చరికల్లో ఇదొకటి. మా ప్రశ్నలు 3 గిగాబైట్లలో ఎక్కడపడితే అక్కడ పడతాయి, రెండు ప్రాసెస్‌లు పేజీలు పంచుకుంటున్నాయి, ఇప్పుడు ఫైలు ఒకసారి పేరు పొందాక మారదన్న హామీ ఉంది. ఈ మూడో కారణం లేకపోతే మొదటి రెండూ నన్ను ఒప్పించేవి కావు. ఫైలు మీద రాసే చేయి మనది కానప్పుడు, ఆ చేతితో ఒప్పందం కుదరనప్పుడు, నేను పీరీడ్‌నే ఎంచుకుంటాను.

మొదటి నుంచి చివరిదాకా ఒకసారి చదివి వదిలేసే పనికైతే ఎమ్‌మ్యాప్‌తో పెద్ద లాభమేమీ లేదని కూడా బృందానికి చెప్పాను. పెద్ద బఫర్‌తో రీడ్ చేసినా ఆ పని దాదాపు అంతే వేగంగా సాగుతుంది.

సిగ్నల్ పేరును బట్టి పద్దులు విడదీయడం ఈ కేసులో అన్నింటికన్నా ఎక్కువ సమయం మిగిల్చింది. ఆ కాగితం ముందే ఉండి ఉంటే మెమరీ చిప్‌లు మార్చాల్సిన అవసరం వచ్చేది కాదు.

ఇప్పుడు ఆ కోడ్‌తోపాటు కొన్ని పరీక్షా ఫైళ్లు ఉన్నాయి: ఖాళీది ఒకటి, 4095, 4096, 4097 బైట్లవి మూడు, చివరి న్యూలైన్ లేనిది ఒకటి. మ్యాపింగ్ పైన ఉద్దేశపూర్వకంగా చదవనివ్వని పేజీని పెట్టి వాటిని నడుపుతారు, పొరుగు మ్యాపింగ్ అదృష్టవశాత్తూ కాపాడకుండా ఉండేందుకు. బయటి సరఫరాదారు ఒకరు మాత్రం తమ స్క్రిప్ట్ మార్చలేమన్నారు. ఇప్పటికీ అదే ఐనోడ్ మీద తిరగరాస్తున్నారు. వారి ఫైలును మేము మ్యాప్ చేయం. దాన్ని రీడ్‌తో మా సొంత డైరెక్టరీలోకి కాపీ చేసి, చివరి వరుసలోని సంఖ్యతో సరిచూసి, సరిపోతేనే రీనేమ్ చేస్తాం. సరిపోకపోతే పది నిమిషాలాగి మళ్లీ కాపీ చేస్తాం.